ముల్లు మీద అట్టముక్క

ఆవిడ దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళంతా కలిసి పెట్టిన పేరు క్లచ్చమ్మ. గంట పాఠంలో "క్లచ్ తల్లీ, క్లచ్!" అని నలభై సార్లయినా అరుస్తుంది కాబట్టి. ఆ పేరు ఆవిడకీ తెలుసు. "బ్రేకమ్మ అనలేదు, నయం" అని నవ్వేస్తుంది.

పద్దెనిమిదేళ్ళుగా ఆడవాళ్ళకే నేర్పుతోంది. అందరికీ ఒకటే కారు. పక్క సీటు కింద ఆవిడ కాళ్ళకు అందేలా రెండో బ్రేకు, రెండో క్లచ్ ఉంటాయి. పాఠం మొదలుపెట్టే ముందు స్టీరింగ్ వెనకున్న డయళ్ళన్నిటినీ ఒక అట్టముక్కతో మూసేస్తుంది. కొత్తవాళ్ళు ముళ్ళకేసి చూస్తూ రోడ్డు మరిచిపోతారని ఆవిడ భయం.

"కళ్ళు రోడ్డు మీద, చెవులు ఇంజిన్ మీద. మూలిగితే గేరు దించు, అరిస్తే పెంచు. దానికి ఏం కావాలో అదే చెబుతుంది" అనేది ఆవిడ మొదటి పాఠం.

ఆ మంగళవారం స్టీరింగ్ ముందు కూర్చున్నది ఒక నర్సు. డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. ఎత్తు రోడ్డు ఎక్కుతుండగా, "టీచర్, ఏదో టకటకమంటోంది" అంది.

"నీ గుండెలే. క్లచ్ మీద నుంచి కాలు తియ్."

"కాదు టీచర్, ముందు నుంచి వస్తోంది."

"రోజూ గుండెలు వినేదానివి, నీది నీకే తెలియట్లేదా? పోనియ్ బండి."

మరో రెండు మలుపులు తిరిగారు. కారు ఒక్కసారి కుదిపి ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. అట్ట తీసి చూస్తే వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటి చివర కొట్టుకుని ఉంది. నీళ్ళ పైపు ఎప్పుడో చీలిపోయిందట.

షెడ్డుకు లాక్కెళ్ళాక మెకానిక్ కారు కింద దూరి, బయటికొచ్చి, చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. పదేళ్ళుగా ఈ బండిని చూస్తున్నవాడు.

"ఇంజిన్ పట్టేసిందక్కా. బాగుచెయ్యడానికి ఏమీ మిగల్లేదు."

"మార్చెయ్."

"మార్చొచ్చు. వెనక గుద్దించుకున్న బండొకటి తుక్కు యార్డుకొచ్చింది. దీని తోబుట్టువే, ఇదే మోడలు, ఇంజిన్ బాగుంది. కానీ అక్కా, దీని అడుగంతా తుప్పు. నా బండైతే తుక్కుకిచ్చేసి దండం పెట్టేవాణ్ణి."

"ఇది పోతే ఇంకోటి కొనే తాహతు నాకు లేదు తమ్ముడూ. ఇంట్లో కూర్చోవడమే."

"అయితే సాయంత్రంలోగా చెప్పు. ఇంకొకడు ఆ ఇంజిన్ చుట్టూ తిరుగుతున్నాడు." లోపలికి వెళ్ళబోతూ ఆగాడు. "ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకు. ఇంజిన్ ఇంతలా అరిచి అరిచి చచ్చిపోయింది కదా, నీకెలా వినబడలేదు?"

ఆవిడ సంచీ తీసుకుని బయటికి వచ్చేసింది.

ఇంటికి నడిచే వెళ్ళింది. భర్త కార్ల సీట్లకు కవర్లు కుడతాడు. ముందుగది అంతా రెక్సిన్ చుట్టలే. ఆయన గది తలుపు వేసి ఉంది, మిషను చప్పుడు లేదు. 'పని మానేసి పడుకున్నారు' అని విసుక్కుంటూ తలుపు నెట్టింది. ఆయన కాలు పెడలు మీద ఆడుతూనే ఉంది. సూది పరుగెడుతూనే ఉంది.

ఆవిడ తలుపు మూసి బయట నిలబడింది. ఏమీ లేదు. తెరిచింది. ఎక్కడో దూరాన గొణిగినట్టు ఉంది. మళ్ళీ మూసింది.

"ఏమిటే ఆ తలుపుతో ఆటలు?" అంటూ ఆయనే లేచి వచ్చాడు.

"ఏవండీ, నాకు మీ మిషను వినబడట్లేదు."

ఆయన ఆశ్చర్యపోలేదు. చేతిలో ఉన్న దారం ముక్కను వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"ఏడాదై ఉంటుంది. పక్కింటివాళ్ళు తలుపు బాదినా నువ్వు లేవట్లేదు."

"తెలిసీ చెప్పలేదా?"

"చెబితే బండి దిగిపోతావని."

"దిగాల్సింది!" అని అరిచింది. "ఆ పిల్ల చప్పుడొస్తోందని రెండుసార్లు చెప్పింది. నేను దాన్ని ఎగతాళి చేశాను. పోయింది ఇంజిన్ కాబట్టి సరిపోయింది. వెనక నుంచి లారీ హారన్ కొట్టుంటే? చెవులు పెట్టి వినమని నేర్పే టీచరుకు చెవులే లేకపోతే, ఇంకే మొహం పెట్టుకుని నేర్పను? మానేస్తే ఏం చెయ్యను? నాకింకేం వచ్చు?"

ఆయన ఏదో అన్నాడు. పెదవులు కదిలాయి కానీ ఆవిడకు అందలేదు. అడగాలనిపించలేదు.

పొద్దువాలే వేళకు మళ్ళీ షెడ్డుకు వెళ్ళింది. కారు తలుపు తీసి, కాళ్ళు బయటే పెట్టి, పక్క సీట్లో కూర్చుంది. రెండో బ్రేకు మీద రబ్బరు ఆవిడ పాదం ఆకారంలో అరిగిపోయి ఉంది. దాన్ని అలాగే చూస్తూ ఉంటే మెకానిక్ వచ్చాడు.

"ఏం చెప్పమంటావక్కా వాడికి?"

"ఇంజిన్ తెచ్చెయ్. ఇంకోటి, లారీలకు పెడతారే పెద్ద వేడి మీటరు, అది నా ముందు బిగించు. రెండో బ్రేకు ఉన్నట్టే, నాకూ ఒక ముల్లుండాలి."

"ఎందుకక్కా?"

"నా చెవులు పోయాయి తమ్ముడూ." ఆ మాట బయటివాళ్ళతో అనడం అదే మొదలు. "చేతిలో ఉన్నదంతా ఈ తుప్పు మీద పోస్తున్నాను. తప్పే కావచ్చు. నవ్వకు."

అతను నవ్వలేదు. మీటరు ఎక్కడ బిగించాలో వేలితో కొలుచుకున్నాడు.

రెండు వారాలకు కారు రోడ్డెక్కింది. మొదటి పాఠం నర్సుకే. అదే ఎత్తు రోడ్డు, డయళ్ళ మీద అదే అట్టముక్క. క్లచ్చమ్మ కళ్ళు కొత్త మీటరుకు అతుక్కుపోయాయి. ముల్లు వెంట్రుకవాసి కదిలినా ముందుకు వంగి చూస్తోంది. క్లచ్ అని ఒక్కసారీ అరవలేదు.

"టీచర్! రోడ్డు!"

ఎదురుగా ఆగి ఉన్న వ్యాను. ఇద్దరి కాళ్ళూ ఒకేసారి క్లచ్చూ బ్రేకూ తొక్కాయి. కారు జానెడు దూరంలో ఆగింది. నర్సు స్టీరింగ్ పట్టుకుని ఊపిరి ఎగపీల్చింది. క్లచ్చమ్మ అట్టముక్క తీసి వెనక సీట్లోకి విసిరేసి, నర్సు భుజం మీద చెయ్యి వేసింది.

"నాకు వినబడదమ్మా. ఇష్టముంటేనే నా దగ్గర నేర్చుకో. ముందు ఒక్కటి విని చెప్పు, ఏమైనా టకటకమంటోందా?"

నర్సు తల కొంచెం పక్కకు వంచింది.

"లేదు టీచర్."

"సరిగ్గా విను."