రేడియోకు మూగనోము

"నువ్వు నాలుగు వారాలు నోరు మూసుకుని ఉండగలవా?"

ఫాదర్ ఈ మాట అడిగింది నిండు చర్చిలో. అడిగించుకున్నది వీధివీధంతా రేడియో అని పిలిచే దర్జీ.

"రెండు వారాలకు బేరం కుదరదా ఫాదర్?" అంది ఆమె. జనం గొల్లుమన్నారు. చేతిలో చీటీ మాత్రం మారలేదు.

ఆ చర్చిలో ఒక అలవాటుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదటి ఆదివారం, పునీతుల పేర్లు రాసిన చీటీలు ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి తిప్పుతారు. ఎవరికి ఏ పునీతుడు వస్తే పండుగదాకా ఆయనలా మసలుకోవాలి. నికోలాసు వస్తే గుట్టుగా దానం చేయాలి. రేడియోకు వచ్చింది జోజప్ప, యేసును పెంచిన వడ్రంగి. సువార్తల్లో ఆయన పలికిన మాట ఒక్కటీ లేదు. చీటీ వెనక ఫాదర్ రాసినది: "చెప్పింది చెయ్యి. చేసింది చెప్పకు."

చెప్పే మనిషి ఆ సాయంత్రమే దిగాడు. ఆమె బావగారు. చంకలో బట్టల మూట.

"అమ్మాయ్, ఇవి చర్చి పాటలవాళ్ళ గౌన్లు. ముప్ఫై. మీ అక్క కత్తిరించి పెట్టింది, ఈలోపు కంటి ఆపరేషన్ అయింది. నెల్లాళ్ళు సూది ముట్టొద్దన్నారు. పండుగకు ఇవ్వకపోతే ఆర్డరు పెద్ద షాపుకు పోతుంది, మళ్ళీ రాదు. బజార్లో ఎవరికో ఇచ్చానని చెప్తాను. నీ పేరు తెలిస్తే నన్ను ఇంట్లో ఉండనివ్వదు."

అక్క అంటే తోడికోడలు. ఆమె కూడా దర్జీయే. ఒకే ఇల్లు, మధ్యలో గోడ, వీధిలోకి రెండు తలుపులు, రెండు మిషన్లు. నిరుడు ఒక పెళ్ళివారి బట్టలు అక్క తలుపుకు వెళ్ళబోయి రేడియో తలుపులోకి వచ్చాయి. అప్పటినుంచి మాటల్లేవు. పునీతుల ఔదార్యం గురించి గంటలకొద్దీ ప్రసంగించేవారెవరూ తోడికోడళ్ళ ఊసెత్తరు. దూరపు బీదవాడికి ఇవ్వడం సులువు. గోడకు అవతలి మనిషికి, అదీ ఆమె విసుర్లు వింటూ ఇవ్వడం వేరే సంగతి.

రేడియో కుట్టింది. కుట్టినంతసేపూ కాలు నిలవదు, నోరు నిలవదు. చెప్పడానికి మనిషి లేక మిషన్‌తో, కత్తెరతో, చివరికి గోడ గడియారంతో పోట్లాడింది. కుళాయి దగ్గర ఎవరైనా "ఏంటి, స్టేషన్ మూతపడిందా?" అంటే బిందె సగం నిండకముందే ఎత్తుకుని వెళ్ళిపోయేది. మూడో వారానికి పద్దెనిమిది గౌన్లు గోడ దాటాయి.

అప్పుడు గుట్టు బయటపడింది. రేడియోది ఎడమచేతి వాటం. అంచులు చేత్తో మడిచి కుడితే ఆమె కుట్లు అందరి కుట్లకు ఎదురువైపు వాలతాయి. నల్లద్దాల వెనక కళ్ళు మూసుకునే ఉన్నా, పెద్ద తోడికోడలి వేళ్ళు మూసుకోలేదు. ఒక అంచు తడిమింది. రెండోది తడిమింది. ఆ గౌను పట్టుకునే లేచి రేడియో గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"ఓహో, పెళ్ళిబట్టలు చాల్లేదా? నేను మంచాన పడ్డానని చర్చి పని కూడా లాక్కుంటున్నావా?"

రేడియో పెదవి కరుచుకుంది.

"మాట్లాడవేం? దొంగకు నోరెక్కడిది? మిగతా పన్నెండూ ఇలా పడెయ్. రేపే ఫాదర్ దగ్గరికెళ్ళి పని వదులుకుంటాను. నీకు మాత్రం దక్కనివ్వను."

వెనకాల బావగారు చెప్పులు వెతుక్కుంటున్నాడు, కాళ్ళకే ఉన్నాయి.

ఇంకా మౌనంగా ఉంటే చీటీ గెలుస్తుంది, ఆర్డరు పోతుంది. ఇలాంటి చోట మౌనం పుణ్యం కాదు, మొండితనం.

"అక్కా! జోజప్పకు సంగతి చెప్పడానికి దేవదూత కలలోకి వచ్చాడు. నీకు చెప్పాల్సిన దేవదూత రోజూ నీ పక్కనే గురకపెడుతున్నాడు! ఆయన తెచ్చిస్తేనే కుట్టాను. ఫాదర్‌కు నా పేరే తెలీదు. పని నీది, పేరు నీది!"

పెద్దామె మొగుడి వైపు తిరిగింది. ఆయన తల ఊపాడు. ఆమె చేతిలోని గౌను మళ్ళీ తడిమింది.

"భుజం దగ్గర లాగుతోంది. పద్దెనిమిదీ విప్పు. అర అంగుళం వదిలి మళ్ళీ వెయ్."

పండుగకు ఇంకా ఆరు రోజులు. రేడియో ఏదో అనబోయి, మానేసి, బ్లేడు తీసుకుంది. విప్పడం మొదలుపెట్టింది. జోజప్పకు దగ్గరగా ఆమె వెళ్ళిన పూట ఏదైనా ఉంటే అది ఆ పూటే.

"ఊరికే కుట్టించుకోవడానికి నేనేం దిక్కులేనిదాన్ని కాదు," అంది పెద్దామె, పక్కన స్టూలు లాక్కుని కూర్చుంటూ. "ముప్ఫైకీ కూలి ఇస్తాను."

గౌన్లు పండుగ ముందురోజు పొద్దున చర్చికి చేరాయి. పెద్దామె పద్దెనిమిదింటి కూలి ఇచ్చింది. పన్నెండింటిది ఇంకా ఇవ్వాలి.