సెడూనా దగ్గర ఆగిన దిష్టి నిమ్మకాయలు

1999 జూన్‌లో, ఇక్కడి చలికాలంలో, మెల్బోర్న్ పడమటి శివారులోని ఒక కార్ల రవాణా కంపెనీలో నాకు అలొకేటర్‌గా ఉద్యోగం వచ్చింది. ఆరు నెలలు ప్రొబేషన్. అంతకు ముందు రెండేళ్లు బిస్కట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేశాను. కాకినాడలో చదివిన బీకాం ఈ దేశంలో ఎవరికీ అక్కర్లేదని తేలిపోయాక దొరికిన కుర్చీ అది. మేముండే క్లేటన్ నుంచి రైళ్లు మారి వెళ్లేదాన్ని. ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం.

ఏ కారు ఏ లారీ మీద, ఏ వరసలో వెళ్లాలో నిర్ణయించేది అలొకేటర్. రెండంతస్తుల లారీలో చివర దిగాల్సిన కారు ముందు ఎక్కాలి. బరువైనవి కిందికి, తేలికైనవి పైకి. దారిలో ఏ ఊళ్లో ఏది దిగుతుందో చూసుకోకపోతే ఒక్క కారు దించడానికి నాలుగు దించి మళ్లీ ఎక్కించాలి. నా పైన ఆపరేషన్స్ సూపర్‌వైజర్ మార్గరెట్. డ్రైవర్లు కాగితం మీద నా కింద, మాట తీరులో మాత్రం నా పైన.

ఆ రోజుల్లో మా ఆయన మూర్తి పాత కంప్యూటర్ ప్రోగ్రాములలో తేదీలు దిద్దే పని చేసేవారు. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు దాన్ని 1900 అనుకుంటాయని లోకమంతా హడలిపోతున్న కాలం. ఆయన్ని కొన్నాళ్లు పడమటి తీరాన ఉన్న పెర్త్ పంపారు. పగలంతా యంత్రాలను కొత్త శతాబ్దానికి సిద్ధం చేసిన మనిషి, సాయంత్రం వెళ్లి డెబ్బైల నాటి కారు కొన్నారు. రెండు తలుపులు, ఎనిమిది సిలిండర్లు, నారింజ రంగు, బానెట్ మీద రెండు నల్ల పట్టీలు. ఇక్కడివాళ్లు మజిల్ కార్ అంటారు, దాన్ని చూస్తే వయసు మళ్లిన మగవాళ్లకు కూడా మాట తడబడుతుంది.

“వెయిట్ చేస్తే పోతుంది విజ్జీ! కండిషన్ సూపర్‌గా ఉంది. ఇంజన్ సౌండ్ ఒక్కసారి వింటే నువ్వే కొనమంటావ్,” అన్నారు ఫోన్లో.

నడిపి చూశారా అని అడిగాను. కొంచెం నసిగారు. అది గేర్ల బండి. ఆయన దగ్గర ఉన్నది ఆటోమేటిక్ కారు నడిపే లైసెన్సు మాత్రమే. అలా ఆ కారు దేశం ఆ చివర నుంచి ఈ చివరకు, చెట్టన్నది లేని మైదానం దాటి, మా కంపెనీ లారీ మీదే రావలసి వచ్చింది. సిబ్బంది బంధువుల బండ్లకు మా దగ్గర అభ్యంతరం లేదు. వంతు మాత్రం ముందుకు జరపకూడదు. నేను జరపలేదు. ఆఫీసులో నాది పుట్టింటి ఇంటిపేరు కాబట్టి, ఆ కారు ఎవరిదో ఎవరూ అడగనూ లేదు.

ఎక్కించే ముందు సొంతదారుకు ఫోన్ చేసి కొన్ని ప్రశ్నలు అడగాలి. పెట్రోలు పావు ట్యాంకు మించలేదు కదా? లోపల సామాను లేదు కదా? పశ్చిమ రాష్ట్రం నుంచి వచ్చే బండైతే పళ్లు, మొక్కలు, మట్టి లేవు కదా? అక్కడి పండు ఈగ ఇటు తోటల్లో దిగిందంటే రైతుల పని అయిపోయినట్టే. అందుకే సెడూనా అనే ఊరి దగ్గర ప్రతి వాహనాన్నీ ఆపి వెతుకుతారు. ఆఫీసు ఫోను కాబట్టి కట్టుకున్నవాణ్ని “సర్” అంటూ, ఇంగ్లీషులో, ఒక్కటి కూడా వదలకుండా అడిగాను. “నో మేడమ్, నో మేడమ్” అన్నారు. అంత వినయం పెళ్లిపీటల మీద కూడా చూపించలేదు.

పెర్త్ డిపో నుంచి కారు స్థితి గురించి నివేదిక వచ్చింది. బానెట్ మధ్యలో పసుపు, ఎరుపు రంగుల్లో వివరం తెలియని పెయింటు నష్టం అని రాశారు. అది మా ఆయన పెట్టిన పసుపు, కుంకుమ అని నాకు అర్థమైంది. నవ్వుకున్నాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

సెడూనా నుంచి డ్రైవర్ కెవిన్ ఫోన్ చేశాడు. నారింజ కారు ముందు బంపర్ లోపల, పైకి కనపడకుండా, నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు గుచ్చిన దండ దొరికిందట. ఒక కారులో దొరికాక మిగిలినవాటిని ఊరికే వదలరు. లారీ మీదున్న ప్రతి కారు డిక్కీ, సీట్ల కింద, అంతా వెతికారు. ఆ ఆలస్యంతో అడిలైడ్‌లో కార్లు దించుకునేవాళ్లు చూసి చూసి వెళ్లిపోయారు. అక్కడి డీలర్ మార్గరెట్‌కు ఫోన్ చేసి అరిచాడు. కెవిన్ వాడిన మాటల్లో సగం ఇక్కడ రాయలేను.

మా ఆయనకు ఫోన్ చేశాను, ఈసారి తెలుగులో.

“ఫ్రూట్స్ ఉన్నాయా అన్నావ్, లేవన్నాను. అది దిష్టికి కట్టిందే! తినేది కాదు కదా, ఫ్రూట్ ఎలా అవుతుంది?” అన్నారు. డిపోలో అందరూ కారు చుట్టూ మూగి కళ్లార్పకుండా చూస్తుంటే భయమేసిందట.

నాకు ఏడుపొచ్చింది. ప్రొబేషన్ ముగియడానికి ఇంకా కొద్ది రోజులే ఉంది. మళ్లీ బిస్కట్ల ఫ్యాక్టరీయే కళ్ల ముందు కనపడింది.

మార్గరెట్ గదిలోకి పిలిచి, ఆ కస్టమర్ అబద్ధం చెప్పాడా, నువ్వు అడగలేదా అంది. అబద్ధమాడాడంటే సరిపోయేది, ఇంటిపేర్లు వేరు కాబట్టి ఎవరికీ తెలిసేదీ కాదు. కానీ మా ఆయన అబద్ధమాడలేదు. ఆయన నా భర్తేనని చెప్పాను. దిష్టి అంటే ఏమిటో, ఆయన దృష్టిలో అది కారుకు వేసిన రక్షణే తప్ప సరుకు కాదని కూడా చెప్పాను. మార్గరెట్ ప్రశ్నల కాగితం తీసి నా ముందు పెట్టింది. మరి ప్రశ్న ఎలా అడిగితే నీ భర్త నిజం చెప్పేవాడు అంది.

“బయల్దేరే ముందు బండికి ఏమైనా కట్టారా, పూశారా, లోపల పెట్టారా, ఎందుకోసమైనా సరే” అని అడగాలన్నాను. పెర్త్ నుంచి రావలసిన తర్వాతి లోడు సొంతదారులందరినీ తన ఎదుటే అలా అడగమంది. ఇటలీ నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన, కూతురి కోసం సీటు కింద తులసిలాంటి వంట మొక్కను కుండీతో సహా పెట్టానని చెప్పాడు. పాత ప్రశ్నకు ఆయన కూడా లేదనే చెప్పి ఉన్నాడు. వంటకు వాడేదాన్ని మొక్క అనుకోలేదట. మార్గరెట్ ఆ సాయంత్రమే పాత ప్రశ్న కొట్టేసి కొత్తది రాయించింది. నా కుర్చీ నాకు ఉండిపోయింది.

కారు చిన్న గీత కూడా పడకుండా మెల్బోర్న్ చేరింది. దిష్టి దండ సెడూనాలోనే పోయింది కదా, మరి మిగతా దారి ఎవరు కాపాడారని పెర్త్ నుంచి తిరిగొచ్చిన మా ఆయన్ని అడిగాను. “అక్కడిదాకా ఉంది కదా, ఆ పవర్ సరిపోయుంటుంది,” అన్నారు, ఏమాత్రం తొణక్కుండా.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నదాంట్లో ముఖ్యమైనది ఇదే. బండి ఖాళీ అని చెప్పేవాళ్లలో అబద్ధాలకోరులు తక్కువ. తాము సామానుగా లెక్కపెట్టని దాన్ని ఎవరూ చెప్పరు. అందుకని ఏముందని కాదు, ఏం చేశారని అడగాలి.

మా ఆయన తిరిగొచ్చిన రాత్రే, భోజనాల దగ్గర ఆయన్నీ అలాగే అడిగాను. పెర్త్‌లో ఇంకేం చేశారని. అన్నం కలుపుతూనే చెప్పారు.

“స్పేర్ పార్ట్స్ కోసం అలాంటిదే ఇంకోటి తీసుకున్నాను. అది నడవదు విజ్జీ, అందుకే కారని చెప్పలేదు.”

నడవని బండిని వించి అనే యంత్రంతో, తాడు కట్టి లాగి ఎక్కించాలి, కింది అంతస్తులోనే చోటివ్వాలి. మర్నాడు ఆఫీసుకు వెళ్లి ఆ లోడు కూడా నేనే వేశాను. ప్రశ్నలు మాత్రం మార్గరెట్ చేత అడిగించాను.