ఎవరూ ఎంచుకోని రంగు

మధ్యాహ్నం కోకాపేట ఆఫీసులో పక్క టేబుల్ అమ్మాయి డబ్బా మూత తీయగానే సర్వపిండి రొట్టె వాసన వచ్చింది. కాలిన నువ్వులు, కరివేపాకు. నోటి దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. ఆ రుచి నాకు పరిచయం చేసింది నా మొదటి మేనేజరు శంకరయ్య సార్.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నేను కడప నుంచి వచ్చి గచ్చిబౌలిలో ఒక చిన్న కంపెనీలో చేరాను. వీడియోలను ఒక రకం నుంచి మరో రకంలోకి మార్చే సాఫ్ట్‌వేర్ మాది. సార్‌ది సిద్దిపేట దగ్గర పల్లె. ఆదివారాలు ధర్నాలకు వెళ్లేవారు. నేనేమో ఆటోలో ఎవరైనా ఊరడిగితే వినబడనట్టు కూర్చునేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "రాష్ట్రం వస్తే మేమంతా వెళ్లిపోవాల్నా సార్?"

"నా మాటకు నవ్వినోళ్లున్నరు బిడ్డా. వాళ్ల తెలుగే అందరి తెలుగనుకున్నరు. నా కొట్లాట దాని మీద. నిన్ను ఎల్లగొట్టనీకి కాదు" అన్నారు. మర్నాడు బంద్. నేనుండే హాస్టల్లో వంట లేదు. సార్ స్కూటర్ మీద వచ్చి, వాళ్లావిడ చేసిన సర్వపిండి ఇచ్చి వెళ్లారు.

ఆ నెలలోనే నా తప్పు బయటపడింది. కంప్యూటర్లో గీసిన కొన్ని కదిలే బొమ్మల్లో గీత లేని చోట ఏ రంగూ ఉండదు, పారదర్శకంగా ఉంటుంది. కొన్ని వీడియో రకాలు ఆ ఖాళీని ఉంచుకోలేవు, ఏదో ఒక రంగు నింపాలి. వాడేవాళ్లు ఏదీ ఎంచుకోకపోతే నలుపు నింపేలా రాశాను. రాయడం తేలికని. వినికిడి లేని పిల్లల బడి నుంచి ఒక టీచరు ఉత్తరం రాసింది: తను కంప్యూటర్లో నల్ల రంగుతో గీసిన అక్షరాల పాఠాలు మా సాఫ్ట్‌వేర్‌తో వీడియోగా మారిస్తే అంతా చీకటే వస్తోందని.

"రంగు మార్చుకునే సెట్టింగ్ ఉంది సార్" అన్నాను.

"ఉన్నదని ఆమెకెట్ల తెలుస్తది? పా, చూసొద్దం."

బడిలో పిల్లలు నల్లటి తెర ముందు బుద్ధిగా కూర్చున్నారు. మురికేమో అనుకుని ఒక పాప గౌను అంచుతో తెర తుడుస్తోంది. "నాకే సరిగ్గ చేయరాలేదు సార్, మిమ్మల్ని పరేషాన్ చేసిన" అంది టీచరు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. సార్ నా వైపు చూడనైనా లేదు. "తప్పు మీది కాదు టీచరమ్మా, మాది" అన్నారు.

తిరిగొచ్చాక తెలుపు పెడదామన్నాను. "మరి తెల్ల అక్షరాలు గీసినోళ్లు?" అని ఆపారు. సాయంత్రానికి ఒక దారి దొరికింది. ఖాళీని ఉంచుకోగల రకమైతే ఉన్నదున్నట్టు ఉంచాలి. లేకపోతే తెలుపు నింపాలి, కానీ మార్చకముందే ఎలా ఉండబోతుందో చూపించి, వద్దంటే వేరే రంగు అడగాలి. "చెప్పకుండ మాత్రం ఎవ్వలదీ పోగొట్టద్దు" అన్నారు.

వారం తర్వాత మళ్లీ బడికి వెళ్లాం. తెర మీద 'అ' కదిలింది. పాప లేచి వెళ్లి దాని వెంట వేలితో దిద్దింది. సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

రాష్ట్రం వచ్చింది. నేను ఎక్కడికీ వెళ్లలేదు. కొన్నేళ్లకు సారే వెళ్లిపోయారు, గుండెపోటుతో. ఇప్పుడు నేనొక బృందానికి పెద్దను. ఏది విడుదల చేయాలన్నా ముందు, వాడేవాళ్ల పక్కన ఒక పూట కూర్చుని వస్తాను. ఎక్కడైనా తడబడి వాళ్లు నొచ్చుకునే లోపే, తప్పు మాదని చెప్పేస్తాను.