చేతికిచ్చిన ఉప్పు

బరువు చూసి అందులో వెండి గిన్నె ఉందనే అనుకున్నాను. ఏడో నెల కడుపుతో, ఆఫీసు బస్సులో కొండాపూర్ దాకా ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చాను. బంద్‌ల మధ్య సందు చూసుకుని ఉద్యోగానికి వెళ్తున్న రోజులవి. అలాంటి ఏడాది కంపెనీ వాళ్లు పిలిచి కానుక ఇస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఇంటికొచ్చి రిబ్బను విప్పితే ఉప్పు. పిడికిలంత గులాబీ రంగు ఉప్పు రాయి, దాన్ని తురుముకోవడానికి చిన్న తురుముపీట, పక్కన రెండు సీసాల్లో నల్ల ఉప్పు, పొగబెట్టిన ఉప్పు.

మా ఆయన పడీపడీ నవ్వాడు. లోపల మడతపెట్టిన రంగుల కాగితం చదివాక నాకైతే ఒళ్లు మండింది. ఈ ఉప్పు కోట్ల ఏళ్ల కిందట ఎండిపోయిన సముద్రానిదట. మనిషి చెయ్యి తగలకుండా కొండ కడుపులో దాక్కుందట. నాలుక మీద వేసుకుంటే మంచుకొండ గాలి తగులుతుందట. ఎంత తిన్నా బీపీ రాదట. హాల్లో ఓ మూల పెట్టుకుంటే ఇంట్లో కలహాలన్నీ పీల్చేస్తుందట. మా నంద్యాలలో మూలికల కొట్టువాడు సైంధవ లవణమని పాత పేపర్లో పొట్లం కట్టి ఇచ్చేది ఇదే కదా, దీనికింత వేషమా! అజీర్తి చేసినప్పుడల్లా మా అమ్మ వామూ ఇదీ కలిపి నా నోట్లో కుక్కేది. కొండగాలి ఏనాడూ తగల్లేదు.

అప్పుడు నాకు కావలసింది ఉప్పు కాదు, ఉన్న ఇంట్లో ఉండనివ్వడం. మేడ మీద రెండు గదులు మావి. కింద మా ఓనరాంటీ, ఆమె కొడుకు ఉండేవారు. కొడుకు ఉద్యమంలో తిరిగే మనిషి. మాలాంటి అవతలి ప్రాంతంవాళ్లు వెళ్లిపోవాలన్న మాట టీవీలో వచ్చినప్పుడల్లా, కింద వినబడకుండా మేం సౌండు తగ్గించేవాళ్లం. ఇల్లు ఖాళీ చేయించిన కథ ఆఫీసులో రోజూ ఎవరో ఒకరు చెప్పేవారు. మా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు గానీ, కొన్నాళ్లుగా ఆంటీ నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. అమ్మ పోయాక నాకు పుట్టింటి కాన్పు అన్న ఆశ లేదు. నన్ను చూస్తున్న డాక్టరమ్మ ఆసుపత్రి మా సందు చివరే. నిండు కడుపుతో, ఆ గొడవల్లో, మా ఊరి పేరు చెబితే ఇంకో ఇల్లు ఎవరిస్తారు? కాన్పు అయ్యేదాకా ఇక్కడే ఉండనిస్తే చాలని మొక్కని దేవుడు లేడు.

అందుకని ఆదివారం పొద్దున డబ్బాకు రిబ్బను మళ్లీ కట్టి కిందికి దిగాను. ఆంటీ రోటి ముందు కూర్చుని చింతకాయలు తుడుస్తోంది. నవ్వుతూ వెళ్లి డబ్బాను ఆమె చేతుల్లో పెట్టాను. ఏంటని అడిగితే ఉప్పని చెప్పి, ఆ కాగితంలోని మాటలన్నీ, నేను వెక్కిరించినవే, సిగ్గు లేకుండా అప్పజెప్పాను. కలహాలు పీల్చేస్తుందని కూడా చెప్పాను.

ఆమె ముఖం మాడిపోయింది. డబ్బాను గబుక్కున అరుగు మీద పెట్టేసింది.

"ఉప్పు చేతికిచ్చినవా?"

ఉప్పు చేతి నుంచి చేతికిస్తే ఇద్దరికీ గొడవవుతుందని తెలియనిదాన్నా నేను? అమ్మ ఉప్పు జాడీ గట్టు మీద పెట్టి చెయ్యి తీసేశాక గానీ నేను ముట్టుకునేదాన్ని కాదు. ఇంత తెలిసీ ఇచ్చాను. రిబ్బను కట్టేసరికి అది నా కంటికి ఉప్పులా ఆనలేదు. ఆమె మళ్లీ చింతకాయలు తుడుచుకోసాగింది, నేను మెట్లెక్కి వచ్చేశాను.

ఆ సాయంత్రమే ఆమె కొడుకు పైకి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, చెప్పలేక చెప్పాడు. "అక్కా, ఏమనుకోవద్దు. వేరే ఇల్లు చూసుకోండ్రి." నీ ఇల్లే వాళ్లకు కిరాయికిచ్చి మాకేం చెప్తవని తోటివాళ్లు నిలదీస్తున్నారట. మనిషి మంచివాడే, నా కడుపు వైపు చూడకుండా మాట్లాడాడు. మా ఆయన సరేనన్నాడు. నేను లోపలికి పోయి ఏడ్చాను. కంపెనీని, ఆ కొండని, ఆ కాగితం రాసినవాణ్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

మర్నాడు బంద్. పొద్దున్నే ఆంటీ వచ్చింది. తలుపు తీశానో లేదో మొదలుపెట్టింది. నేను ఆరేసిన చీరల నీళ్లు ఆమె వడియాల మీద కారుతున్నాయట. మోటారు వేసి మరిచిపోతున్నానట. సందంతా వినబడేలా అరుస్తోంది. ముందు బిత్తరపోయాను. తర్వాత నాకూ తిక్క రేగింది, నా నోరేమీ ఊరుకునే రకం కాదు. చీరల నీళ్లకే ఇల్లు ఖాళీ చేయిస్తారా అని నేనూ అందుకున్నాను. అక్కణ్నుంచి మాటలు నీళ్లు దాటి భూముల మీదికి పోయాయి.

"నువ్వు కూసునే అద్దాల బిల్డింగు మా నాయిన జొన్నచేను. ఎరుకేనా నీకు?"

నానక్‌రామ్‌గూడ ఆమె పుట్టినూరు. మా ఆఫీసు అక్కడే. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అయినా తగ్గలేదు.

"మా చేన్లో నీళ్లుంటే మీ మేడ మీద ఎందుకు పడుంటాం ఆంటీ? లేకనే కదా వచ్చినాం."

నాకు ఆయాసం వచ్చి కూలబడ్డాను. ఆమె కూడా నా ఎదురుగా కింద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. అరుపులకు పరుగెత్తుకొచ్చిన కొడుకు మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"అయిపాయె," అంది నాతో. "ఉప్పు చేతికిచ్చినంక గొడవ రాకుంట పోదు. అది తీరిపాయె." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నా గొడవ నేను తీర్చుకున్న. నీ గొడవ ఢిల్లీతోని, గీ పిల్లతోని కాదు. పురుడు పోసుకునేదాక ఈమె ఈడనే ఉంటది."

కొడుకు కిందికి దిగి వెళ్లి మోటారు వేశాడు. ఆమె కావాలనే పోట్లాటకు వచ్చిందని అప్పటికి గాని నాకు వెలగలేదు. పెద్ద గొడవ రాకముందే చిన్నదాన్ని తానే తెచ్చి ఖర్చు పెట్టేసింది. భూమి మాట మాత్రం ఉత్తుత్తిది కాదు, ఆమెదీ నాదీ కూడా.

మధ్యాహ్నం చింతకాయ తొక్కు తెచ్చింది. కోట్ల ఏళ్ల గులాబీ రాయిని పచ్చిచింతకాయలతో కలిపి రోట్లో నలగ్గొట్టేసిందట. గిన్నెను కిటికీ గట్టు మీద పెట్టి చెయ్యి తీసేసింది, అప్పుడు నేను తీసుకున్నాను. వేడన్నంలో కలుపుకుని తింటుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి, పులుపుకే అనుకోండి.

నాకు నొప్పులొచ్చిన రోజు కూడా బందే. సందులో అడ్డం పెట్టిన రాళ్లను ఆ కొడుకే పక్కకు దొర్లిస్తూ ముందు నడిచాడు, ఆంటీ నా రెక్క పట్టుకుని నడిపించింది. బాలింతగా ఉన్న నాకు పథ్యం వండింది, నా కూతురికి నలుగు పెట్టి నీళ్లు పోసింది ఆమే. మా అమ్మ ఉంటే ఇంతకంటే ఏం చేసేది? ఆమె రుణం తీర్చుకునే దారి నాకు ఇప్పటికీ తెలియదు.

పురుడయ్యాక మమ్మల్ని వెళ్లమన్నవాళ్లు లేరు, మేం వెళ్లనూ లేదు. కొన్నేళ్లకు రాష్ట్రం వచ్చిందని తేలిన రోజు సందంతా డప్పులు, రంగులు. నేను పిల్లను చంకనేసుకుని లోపలే ఉండిపోయాను. నవ్వితే నటన అనుకుంటారేమో, నవ్వకపోతే ఏడుపనుకుంటారేమో. ఆంటీ పళ్లెం పట్టుకుని పైకి వచ్చింది. ఏం చెయ్యాలో తోచక, చేతులు దగ్గరికి ముడుచుకుని నిలబడ్డాను.

"చెయ్యి సాపు బిడ్డా," అంది. "ఉప్పు గాదు, లడ్డు."

పిల్లను కిందికి దించి రెండు చేతులూ చాపాను.