ఉడికిపోయిన ఓట్లు

మొన్న శుక్రవారం పొద్దున కువైట్‌లో, ఫర్వానియాలోని మా వంటింట్లో చింతపండు పిసుకుతుంటే ఫోనులోకి ఒక వీడియో వచ్చింది. ఐర్లాండులో ఏదో చిన్న ఊరు, సన్నటి వాన, గొడుగు కింద మా పిల్ల. మా పిల్ల అంటే నా కడుపున పుట్టింది కాదు, ఒకప్పుడు మా బిల్డింగులో నాలుగో అంతస్తులో ఉండిన కోనసీమ తమ్ముడి కూతురు, నన్ను అత్తయ్యా అని పిలుస్తుంది. అక్కడికి నర్సు ఉద్యోగానికి పోయిన ఆ పిల్ల ఇప్పుడు ఆ ఊరి కౌన్సిలుకు పోటీ చేస్తోందట. ఆ దేశంలో పౌరసత్వం రాకపోయినా ఊళ్ళో కాపురముంటే చాలు, ఊరి ఎన్నికల్లో నిలబడొచ్చునట. గుమ్మం గుమ్మానికీ పోయి తలుపు తట్టి, తెల్లదొరసానుల చేతిలో కరపత్రం పెట్టి నవ్వుతోంది. ఆ నవ్వు చూడగానే వాళ్ళ నాన్న ఎన్నిక గుర్తొచ్చి, చింతపండు చేతులతోనే పీట మీద కూలబడి నవ్వుకున్నాను. ఒకే బిల్డింగులో అంతమందిమి సర్దుకుని బతికిన నా ఈడువాళ్ళు మీరైతే నమ్ముతారు గానీ, ఈ కాలం పిల్లలకు చెబితే కోతలనుకుంటారు.

కువైట్‌లో మనకు ఎన్నికలేమిటని అడగబోతున్నారు, ఆగండి. అప్పట్లో మా బిల్డింగులో కింది అంతస్తుల్లో మా కడప వైపు మేస్త్రీలు, పైన గోదావరి వాళ్ళు, నడుమ రెండో అంతస్తులో మేమిద్దరం ఉండేవాళ్ళం. నేను ఒక కువైటీ ఇంట్లో వంటకు పోయేదాన్ని, మా ఆయన ఇంకో కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర డ్రైవరు. ఆ బిల్డింగుకు రెండు రోగాలు. లిఫ్టు కదలదు, కొళాయి నీళ్ళు కాగుతూ వస్తాయి. మిద్దె మీది ట్యాంకు పగలంతా ఎండలో మాడుతుంటే, మరునాటి స్నానానికి రాత్రే బకెట్లు నింపి చల్లార్చుకోవాల్సిందే. వచ్చినవాడూ పోయినవాడూ హారిస్ మీద, అంటే బిల్డింగుకు కాపలా ఉండే ఈజిప్టు ఆయన మీద ఎగిరేవాడు. ఆయన విసిగిపోయి ఓనరుకు మొరపెట్టుకుంటే, ఆ ముసలాయన, మీలో ఒక్కడిని ఎంచుకుని పంపండి, వాడు అడిగిన ఒక్క పని ఈ ఏడాదికి చేయిస్తాను, తక్కినవాళ్ళెవరూ నా ఫోను జోలికి రావద్దు, ఖలాస్ అన్నాడట. మనవాళ్ళకు ఒక్కడిని ఎంచుకోమనడమంటే కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టే గదా. సాయంత్రానికల్లా రెండు పార్టీలు తయారయ్యాయి.

నీళ్ళ పార్టీకి మా చిన్నాయన వరస మేస్త్రి నిలబడ్డాడు. ట్యాంకు మీద రేకుల పందిరి వేయించాలని ఆయన పట్టు. మంచివాడే గానీ ఒకసారి మాట అన్నాడంటే వెనక్కి తీసుకోవడం ఆయన వంశంలోనే లేదు. లిఫ్టు పార్టీకి నాలుగో అంతస్తు తమ్ముడు. వాడు వచ్చి ఏడాదైనా కాలేదు, షుఐబా పోర్టులో కాంట్రాక్టు పని, మీసాలు కూడా సరిగ్గా రాని మొహం. వాడి పెళ్ళాం ఒక క్లినిక్‌లో నర్సు, అప్పటికి నెలలు నిండుతున్నాయి, మెట్లెక్కడం దిగడం మానెయ్యమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కిందివన్నీ మగవాళ్ళ గదులు, వేరే చోట అద్దె వాళ్ళకు అందదు. వాడు నా దగ్గరికొచ్చి తల వంచుకుని, "లిఫ్టు నడవకపోతే దాన్ని ఊరు పంపెయ్యాలండి అక్కా. నాకు రెండేళ్ళ దాకా సెలవివ్వరండి, పుట్టిన బిడ్డని చూడ్డం అవ్వదండి" అన్నాడు. చిన్నాయనతో ఆ మాట చెబితే, "మెట్లెక్కితే కాళ్ళకు మంచిదేలేబ్బా. మన తాతలు కొండలెక్కలేదా? ముందు నీళ్ళు గావాల" అని తుండుగుడ్డ దులుపుకుని పోయాడు.

ప్రచారం చూడాలి మీరు. పరాయి దేశం, గుంపులు కట్టి అరిస్తే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు గోవిందా, అందుకని మెట్ల మీద వరసగా నిలబడి జిందాబాద్‌లు గుసగుసగా చెప్పుకునేవాళ్ళు. చిన్నాయన వర్గం శుక్రవారం రాగిసంగటి, నాటుకోడి పులుసు పెట్టింది. లిఫ్టు వర్గం ఊరు నుంచి తెప్పించిన పూతరేకులు పంచింది. రెండూ తిన్నవాళ్ళే ఎక్కువ, ఎవరికి ఓటేస్తారంటే మీకేనండి, మీకేలేబ్బా అని ఇద్దరికీ చెప్పినవాళ్ళే అందరూ. చీటీల మీద రాయిస్తే దస్తూరి చూసి పట్టేస్తారని, గింజలు వెయ్యాలని తీర్మానించారు. లిఫ్టుకు నల్ల శనగ, నీళ్ళకు అలసంద. మధ్య అంతస్తు వాళ్ళం కాబట్టి మేము ఏ పక్షమూ కాదని, పోలింగు మా వంటింట్లో. గట్టు మీద రెండు పళ్ళాల్లో గింజలు, పక్కన మూతకు చిల్లు పెట్టిన పాలపొడి డబ్బా. డ్యూటీలు ఒక్కొక్కరివి ఒక్కో వేళ కాబట్టి, గురువారం సాయంత్రం మొదలుపెట్టి శుక్రవారం మధ్యాహ్నం దాకా వేస్తూ ఉండాలని ఏర్పాటు.

శుక్రవారం పొద్దున మా మామా, అంటే మా కువైటీ యజమానురాలి ఇంట్లో విందు, నేను పోక తప్పలేదు. మిగిలినవాళ్ళు నేనొచ్చాక వేస్తారులెమ్మని గది తాళం వేసే పోయాను. కానీ రెండో తాళంచెవి ఉన్న మహానుభావుడు ఒకడున్నాడన్న సంగతి నాకు తట్టలేదు. మా ఆయన వారం రోజులుగా ఊరవతల కబ్ద్‌లో కఫీల్ తోట దగ్గరే ఉన్నాడు, ఎన్నిక ఊసే తెలియదు. ఆ పొద్దున ఆకలితో ఇంటికొచ్చి, డబ్బాలో గింజలు చూసి, పెళ్ళాం నాకోసమే తీసి పెట్టిందని పొంగిపోయాడు. డబ్బాలోవి చాలవేమోనని పళ్ళాల్లోవి కూడా కలిపి, కొళాయి నీళ్ళు పట్టి నానేశాడు. ఆ నీళ్ళ వేడికి గంటలోనే గింజలు ఉబ్బాయంటే నీళ్ళ పార్టీ వాదన ఎంత న్యాయమైనదో మీరే ఆలోచించండి. కుక్కర్లో ఉడకబెట్టి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో ఘుమఘుమలాడే తాలింపు పెట్టి, తను తిన్నది తిని, ఒక గిన్నెడు కిందికి పోయి చిన్నాయన చేతికిచ్చి వచ్చాడు.

నేను వచ్చేసరికి గట్టు మీద ఖాళీ డబ్బా, మంచం మీద మా ఆయన గురక. లేపి అడిగితే, "మూతకు చిల్లుంటే గింజలకు గాలాడనీకె పెట్టినావనుకుంటి" అన్నాడు. ఆ మనిషితో ఇన్నేళ్ళు కాపురం ఎలా చేశానో నాకే తెలియదు.

బిల్డింగంతా గుప్పుమంది. ఎదుటివాళ్ళు కావాలనే వండించారని రెండు పక్షాలూ అరుచుకున్నాయి, ఈసారి గుసగుసగా కాదు. చిన్నాయన అప్పటికే గిన్నె నాకేసి ఉన్నాడు. తన ఓట్లు తనే తిన్నాడని ఎవరో అనేసరికి ఆయనకు రోషం పొడుచుకొచ్చి, ఆ పిల్లోడితోనే తేల్చుకుంటానని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. అన్నేళ్ళలో ఆయన మా అంతస్తు దాటి పైకి పోయింది లేదు. వెనకాలే నేనూ. మూడో అంతస్తుకు తిట్లు ఆగిపోయాయి, నాలుగో అంతస్తుకు ఊపిరి ఆగిపోయేటట్టుంది. తలుపు ముందు గోడ పట్టుకుని జారి కూర్చున్నాడు. కడుపులో శనగలు, అలసందలు, బయట మే నెల ఎండ. తమ్ముడి పెళ్ళాం తన నడుము పట్టుకుని మెల్లగా వచ్చి, చెంబుతో నీళ్ళిచ్చి, "నెమ్మదండి బాబాయ్ గారూ, ముందు కూర్చోండి" అంది.

చిన్నాయన నీళ్ళు తాగాడు. ఆ పిల్ల కడుపు వంక చూశాడు, వచ్చిన మెట్ల వంక చూశాడు. "ఏమ్మా, దినాము ఇవే ఎక్కినావా నువ్వు?" అన్నాడు. తమ్ముడు లోపలినుంచి బిక్కుబిక్కుమంటూ వస్తే, "నువ్వే పోరా ఓనరు కాడికి. నీళ్ళు నేను చల్లార్చుకుంటాలే" అన్నాడు. మాట వెనక్కి తీసుకోవడం ఆయన నోట నేను విన్నది అదొక్కసారే, నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. దిగేటప్పుడు మాత్రం ఇద్దరు మోసుకు రావాల్సి వచ్చింది.

ఓట్లు వండుకు తిన్న కథ విని ఓనరు కడుపు పట్టుకుని నవ్వి, ఆ వారమే మెకానిక్‌ను పంపాడు. తమ్ముడి పెళ్ళాం లిఫ్టులోనే దిగి ఆసుపత్రికి పోయి, లిఫ్టులోనే బిడ్డనెత్తుకుని పైకొచ్చింది. ఆ పై వారం లిఫ్టు మళ్ళీ పడుకుందనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు మేముండే బిల్డింగులో లిఫ్టు మెత్తగా నడుస్తుంది, అందులో ఎక్కినవాళ్ళంతా ఫోన్లు చూసుకుంటూ నిలబడతారు. నీళ్ళు రాకపోతే గ్రూపులో ఒక మెసేజి పడేస్తే చాలు, మనిషితో మనిషికి పనిలేదు. నాలుగో అంతస్తులో ఎవరుంటారో నాకు తెలియదు, నేనున్నానని వాళ్ళకూ తెలియదు. ఊళ్ళో ఓటర్ల జాబితాలో మా పేర్లు ఎప్పుడో కొట్టేశారు, ఇక్కడ మాకు ఓటు ఎప్పుడూ లేదు. ఇన్నేళ్ళ పరాయి బతుకులో నేను వేసిన ఓటు ఆ డబ్బాలో వేసిన ఒక్క గింజే, అదీ మా ఆయన పొట్టలోకి పోయింది. రెండో అంతస్తు వాళ్ళం ఏ పక్షమూ కాదన్నాను గానీ, నేను వేసింది నల్ల శనగే.

ఆ రోజు కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు పరాయి ఊళ్ళో ఓటడుగుతోంది. వచ్చే వారమే పోలింగట, దీవించు అత్తయ్యా అని కింద రాసింది. దీవెన ఒక్కటే పంపడానికి నాకు మనసొప్పలేదు. చేతులు కడుక్కుని, ఖాళీ పాలపొడి డబ్బా ఒకటి వెతికి, అందులో ఒక్క నల్ల శనగ వేసి మూత పెట్టాను. దాని జోలికి రావద్దని మా ఆయనకు ఈసారి ముందే చెప్పాను.