ఒక గొంతు, మూడు జతల స్పీకర్లు

సత్యలక్ష్మి మొహం తెలిసినవాళ్లు తక్కువ. గొంతు తెలియనివాళ్లు ఇంకా తక్కువ. తెలుగు రాని హీరోయిన్లకు పద్నాలుగేళ్లుగా మాటలు చెబుతున్నది ఆమే. విజయవాడలో రేడియో నాటకాలు వేసి, అక్కణ్ణుంచి మద్రాసు వెళ్లి, సినిమావాళ్లు హైదరాబాదుకు మారుతుంటే వాళ్లతోపాటు శ్రీనగర్ కాలనీకి వచ్చింది. 1993 నాటికి ఆమెకు నలభై నాలుగేళ్లు. తెరమీద మాత్రం ఇంకా ఇరవై దాటలేదు.

ఆ ఏడాది జులైలో ఒక శుక్రవారం, ఫిల్మ్‌నగర్‌లోని డబ్బింగ్ థియేటర్లో రెండు రీళ్లు చెప్పాక డైరెక్టరు ఆపేశాడు. ఆమె కంటే పదిహేనేళ్లు చిన్నవాడు.

"అమ్మా, ఏమీ అనుకోవద్దు. హీరోయిన్‌కి వేరే అమ్మాయిని చూద్దాం. మీరు హీరో తల్లికి చెప్పండి."

"నా గొంతుకేమైందండీ?"

"ఏమో, ఏజ్ తెలుస్తోందమ్మా."

"తప్పు మీ కొత్త స్పీకర్లది."

"స్పీకర్లు అందరికీ అవేకదమ్మా."

ఏ సంగతీ సోమవారం చెబుతానని, ఆ రెండు రీళ్ల మాటలు క్యాసెట్‌లోకి ఎక్కించుకుని ఆమె ఇంటికొచ్చింది. ఇంట్లో ఉన్న టూ ఇన్ వన్‌లో వింటే అది పదహారేళ్లమ్మాయిలానూ లేదు, అరవయ్యేళ్ల ముసలమ్మలానూ లేదు. రేకు డబ్బాలో చీమిడి ముక్కుతో మాట్లాడినట్టుంది. ఎలాగూ స్టీరియో కొనాలని ఏడాదిగా అనుకుంటున్నారు. ఆదివారమే కొందామంది.

"వయసు తెలుసుకోడానికి స్పీకర్లెందుకే? రేషన్ కార్డు చూసుకో," అన్నాడు భర్త బసవపున్నయ్య. ఆయన విద్యుత్ బోర్డులో సూపరింటెండెంటు.

"మీ ఎకసెక్కాలు తర్వాత. ఆటో పిలవండి."

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర కొత్తగా తెరిచిన షాపులో స్పీకర్లు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. షాపాయన వెంకటనర్సయ్య వాళ్లను కూర్చోబెట్టి, అడగకుండానే డప్పుల పాటొకటి పెట్టాడు. గాజు తలుపు అదిరింది.

"సూసిండ్రా సార్, దమ్ము! ఛాతీల గుద్దినట్టు లేదా?"

"గుద్దించుకోడానికి రాలేదండీ," అంది సత్యలక్ష్మి. "నాకు మాట వినపడాలి."

"మాటలకు గింత పెద్ద స్పీకర్లెందుకమ్మా? ట్రాన్సిస్టర్ సాలు."

ఆమె క్యాసెట్ ఇచ్చింది. నిలువెత్తు పెట్టెల్లో హీరోయిన్ నూతి అడుగునుంచి మాట్లాడింది. బసవపున్నయ్య తల గోక్కున్నాడు. అల్మారాలో పట్టే చిన్న జత పెట్టిస్తే పద్దెనిమిదేళ్ల పిల్ల గలగలా నవ్వింది. సత్యలక్ష్మి మొహం విప్పారింది. అంతలో వెంకటనర్సయ్య ఆంప్లిఫయర్ మీద బటన్ తిప్పాడు. పిల్ల కాస్తా పెద్దమ్మ అయింది.

"ఏం చేశారండీ?"

"గిటు తిప్పితే సన్నగైతది, గటు తిప్పితే మందమైతది. మీకెట్ల కావాల్నో జర చెప్పుండ్రి, గట్ల పెడత."

"నాకెలా కావాలో కాదయ్యా! ఉన్నది ఉన్నట్టు వినిపించేది లేదా మీ దగ్గర?"

గంటన్నర గడిచింది. ఆ రెండు జతల్లో బటన్లు ఎటు తిప్పినా ఒకదాంట్లో బొంగురు, ఒకదాంట్లో బుస. ఆమె చెమటలు తుడుచుకుంటోంది, షాపాయన విసుగు మింగుతున్నాడు. చివరికి మూలనుంచి మూడో జత తీశాడు. నల్లటి పెట్టెలు, సోకేమీ లేదు. బటన్లన్నీ మధ్యలో పెట్టి క్యాసెట్ మొదలుపెట్టాడు. గొంతు సన్నగానే ఉంది, తేటగా ఉంది.

"చూశారా!" అంది భర్తతో. తర్వాత షాపాయన వైపు తిరిగింది. "ఈ అమ్మాయికి ఎన్నేళ్లుంటాయంటారు?"

ఆ గొంతు ఆమెదేనని వెంకటనర్సయ్యకు తెలియదు. కాసేపు విన్నాడు.

"పోరి కాదమ్మా. నలభై దాటి ఉంటయి."

"గొంతు అంత సన్నగా ఉంటేనా?"

"గొంతు కాదు. ప్రతి మాటకు ముంగట ఊపిరి గుంజుకుంటున్నది, ఇనుండ్రి. మెట్లెక్కొచ్చి మాట్లాడినట్టు."

ఆమె విన్నది. ప్రతి వాక్యానికీ ముందు చిన్న ఈల లాంటి శ్వాస. ఇంతసేపూ అది అక్కడే ఉంది.

"మంచి స్పీకర్లే," అన్నాడు బసవపున్నయ్య మెల్లిగా. "ఇవే తీసుకుందామా?"

"వద్దు. ఆ చిన్నవి కట్టించండి."

సోమవారం పొద్దున్న థియేటర్లో ఆమె ఆఖరి ప్రయత్నం చేసింది.

"గొంతు బాగానే ఉందండీ. ఊపిరి ఒక్కటే తెలుస్తోంది. ఎడిటింగులో కోసేయండి."

డైరెక్టరు సౌండ్ ఇంజనీరు వైపు చూశాడు. "రీలుకి రెండొందల ఊపిర్లుంటాయమ్మా," అన్నాడతను. "ఎన్నని కొయ్యను?"

హీరో తల్లి డైలాగు కాగితం తీసుకుని ఆమె మైకు ముందుకు వెళ్లింది. "వచ్చావా నాయనా," అనాలి. ఊపిరి దాచుకోకుండా పీల్చుకుని అంది.

"ఓకే! మొదటి టేకే!" అన్నాడు డైరెక్టరు ఉత్సాహంగా. "అద్భుతం అమ్మా. ఇదే కావాలి."

పద్నాలుగేళ్లలో ఆమె ఎన్నో టేకులు మళ్లీ చెప్పింది. ఓకే అయిన టేకును ఊపిరి వినపడకుండా ఇంకోసారి చెబుతానని అడగడం మాత్రం ఇదే మొదలు. డైరెక్టరు అవసరం లేదన్నాడు.