సగం ఉపగ్రహంతో టోలిచౌకి నుంచి జూబ్లీ హిల్స్ దాకా

ఈ బ్లాగులో ఇంతవరకూ కొండలూ లోయలూ తిరిగిన కబుర్లే రాశాను. ఈసారి ప్రయాణం మొత్తం కలిపి పది, పన్నెండు కిలోమీటర్లు. అయినా పొద్దున తొమ్మిదిన్నరకి బయల్దేరితే చివరి మజిలీ చేరేసరికి సాయంత్రం ఐదైంది. స్పితి లోయలో కూడా నాకింత ఆయాసం రాలేదు. ఫిల్మ్‌నగర్ చూసొద్దామనుకునేవాళ్ళకీ, అక్కడ ఏదైనా వస్తువు చేయించుకుని తెచ్చుకోవాలనుకునేవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాను. హీరోల ఇళ్ళు చూడాలనుకునేవాళ్ళకి ముందే చెబుతున్నా, గోడలు కనబడతాయి. మంచి గోడలే.

నేను ఒక యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల విభాగంలో పనిచేస్తాను. వీసా కాగితాల దగ్గర్నుంచి, ఇంటి ఓనర్లతో తగాదాల దాకా అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. సైమన్ అలా వచ్చినవాడే. టోలిచౌకిలో నలుగురు స్నేహితులతో గది తీసుకుని కమ్యూనికేషన్స్‌లో ఎంటెక్ చేస్తున్నాడు. వాళ్ళ దేశం పేరు రాయనని మాటిచ్చాను కాబట్టి ద్వీపాల దేశం అని సరిపెట్టుకోండి. అతని అక్క మార్తా ఆ దేశంలో అన్నిటికన్నా చివర ఉన్న ద్వీపంలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం నర్సు. డాక్టరు రాజధానిలో ఉంటాడు. మధ్యలో సముద్రం. కిందటి వానాకాలం పడవ రాక ఒక బాలింత ఆమె చేతుల్లోనే పోయిందట. అప్పట్నించీ ఇంజను పడవ ఇప్పించమని అర్జీ మీద అర్జీ పెడుతోంది. ప్రభుత్వం ఉపగ్రహం పంపింది.

నేను వెటకారంగా రాస్తున్నాను గానీ అది చిన్న సంగతి కాదు. ఆ దేశానికి అదే మొట్టమొదటి సమాచార ఉపగ్రహం. దాంతో ద్వీపాలన్నిటికీ ఫోన్లు, టీవీ, ఆరోగ్య కేంద్రాల నుంచి డాక్టరు మొహం చూస్తూ మాట్లాడే వీలు వస్తాయి. సైమన్ సర్కారు స్కాలర్‌షిప్పు మీద ఇక్కడ చదువుతున్నదే తిరిగి వెళ్ళి ఆ పనిలో చేరడానికి. మార్తాకి తమ్ముడంటే ప్రాణం, తమ్ముడి చదువంటే ఒళ్ళు మంట. "పడవ అడిగితే బొమ్మ ఎగరేశారు. ఆ బొమ్మ కోసం నువ్వు చదువుతున్నావు" అంటుందట. సేవలు మొదలయ్యే రోజున ఒక్కో దేశంలో ఉన్న విద్యార్థులు ఒక్కో ద్వీపంతో వీడియోలో మాట్లాడే ఏర్పాటు చేశారు. హైదరాబాదు వంతుకి మార్తా ద్వీపం వచ్చింది. ఢిల్లీ నుంచి వాళ్ళ రాయబారి కూడా వస్తున్నారు.

"మేడమ్, అక్క కంటితో చూడనిదాన్ని నమ్మదు. ఆ రోజు దాన్ని ఆమెకి చూపించాలి" అన్నాడు సైమన్.

మనిషెత్తు నమూనా కావాలి. నాకు నోరు ఊరుకోదు కదా, "ఫిల్మ్‌నగర్ పక్కన ఉండి దిగులెందుకు? అడిగితే వారంలో స్వర్గం కట్టిస్తారు" అన్నాను. తెలిసినవాళ్ళ ద్వారా సత్తిబాబు అనే సెట్టు మేస్త్రిని పట్టుకుని, ఫోనులో ఫొటోలు పంపి, అడ్వాన్సు కట్టాను. ఆ రోజు మా ప్రయాణం దాన్ని తెచ్చుకోవడానికే.

పొద్దున టోలిచౌకిలో ఇరానీ చాయ్ తాగి ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు యాదగిరి రోజు కిరాయి రెండు వేలు అడిగాడు, పదిహేడు వందలకి తెగింది. ముందు సీట్లో అతని పక్కన నేను, వెనక ట్రాలీలో కడ్డీ పట్టుకుని సైమన్. షేక్‌పేట మీదుగా వెళితే ఫిల్మ్‌నగర్ దగ్గరే, కానీ చివర్లో ఎక్కుడు గట్టిగా ఉంటుంది. మా బండి మూలుగుతూ ఎక్కింది. పదిన్నర దాటాక వెళితే కార్ల వరస మధ్యలో ఆ ఎక్కుడు మీదే ఆగాల్సొస్తుంది, చూసుకోండి.

ఫిల్మ్‌నగర్ మొదటిసారి చూసేవాళ్ళు నిరాశ పడతారు. ఒక పక్క ఎత్తు గేట్లు, గేట్ల ముందు కార్లు తుడుస్తున్న డ్రైవర్లు. ఇంకో పక్క సందుల్లో డబ్బింగ్ థియేటర్లు, విగ్గుల షాపులు, రాజుల బట్టలు ఆరేసిన డాబాలు. దారి అడుగుదామని ఒక టీ బండి దగ్గర ఆగాం. టీ పోసే ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "మదర్ క్యారెక్టరా మేడమ్? ఆఫీసు ఆ సందులో" అన్నాడు. కాదని చెప్పాను. "మరి గ్రాండ్‌మదరా?" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు, నేత చీర, కళ్ళజోడు. కనీసం జడ్జి వేషమైనా అడగలేదు. టీ మాత్రం బాగుంది, ఇరవై రూపాయలు.

సత్తిబాబు షెడ్డు పల్లంలో ఉంది. సగం గుడి గోపురానికీ, ఒక జైలు తలుపుకీ మధ్య మా ఉపగ్రహం నిలబడి ఉంది. బంగారు రేకు చుట్టిన పెట్టె, దాని మీద తెల్లటి గిన్నెల్లాంటి ఆంటెన్నాలు, రెండు పక్కలా నీలం రెక్కలు. సైమన్ దగ్గరికి వెళ్ళి ఆంటెన్నా అంచుని వేలితో తాకాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయని ఒప్పుకుంటాను. బండిలోకి ఎత్తడానికి యాదగిరి వెనక్కి వెళ్ళాడు.

"మేడమ్, జర గిటు రండ్రి. గీడ ఏం లేదు" అన్నాడు.

వెళ్ళి చూశాను. నిజంగానే ఏమీ లేదు. బద్దలు, మేకులు, పాత ప్లైవుడ్ ముక్కలు. పైన పటారం లోన లొటారం అనే మాటకి ఇంతకన్నా మంచి బొమ్మ ఎవరూ చెయ్యలేరు. పైగా ఆ ప్లైవుడ్ అంతకుముందు ఏదో పల్లెటూరి సెట్టులో బోర్డుగా పనిచేసిందట. దాని మీద ఎర్ర రంగుతో, జానెడేసి అక్షరాలతో, "ఇచ్చట నాటుకోళ్ళు అమ్మబడును" అని రాసి ఉంది.

"సత్తిబాబుగారూ, ఇది సగమే ఉందేమిటండీ?" అన్నాను.

ఆయనది అమలాపురం వైపు. కోపం అన్నది ఎరగని మనిషి. "సగవేంటండీ, పూర్తిగా చేశాం కదండి. ఫోనులో అడిగాను గదండి, కెమెరా ఎటు పెడతారండీ అని. ఎదురుగా పెడతారు అన్నారు మీరు."

అన్నాను. ఫంక్షన్ వీడియోవాడి గురించి అడుగుతున్నాడనుకున్నాను.

"కెమెరా చూడని వైపు మేం చెయ్యవండి. రాజుగారి కోటైనా అంతేనండి. ఆ గోపురం వెనక్కెళ్ళి చూడండి, మావోళ్ళు అన్నం క్యారేజీలు తగిలించుకుంటారు" అన్నాడు సత్తిబాబు.

వెనక వైపు కూడా చెయ్యడానికి రెండు రోజులు కావాలన్నాడు. సభ ఆ సాయంత్రమే, మాకున్నది ఐదు గంటలు. సైమన్ ముఖం చూడలేకపోయాను. గోపురం నీడలో కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. అప్పుడు సత్తిబాబుకి ఉపాయం తోచింది. వెనక నల్లగుడ్డ బిగించి కొట్టేద్దామన్నాడు. "అంతరిక్షం నలుపే గదండి. కలిసిపోద్దండి." అంత నిబ్బరంగా చెప్పేసరికి నాకూ సబబే అనిపించింది. ఫిల్మ్‌నగర్‌లో రెండు గంటలుంటే మీకూ అనిపిస్తుంది.

గుడ్డ వచ్చేలోగా దగ్గర్లో ఒక మెస్సులో భోజనం చేశాం. నూట ముప్పై రూపాయలకి గోంగూర పచ్చడి, పప్పు, రెండు కూరలు. షూటింగుల నుంచి వచ్చిన లైటుబాయ్‌లతో కిటకిటలాడుతుంది కాబట్టి పన్నెండున్నరకే వెళ్ళండి. వడ్డించే అమ్మ సైమన్ దిగులు చూసి, "తిను నాయనా, ఏ సినిమా ఆగిపోయిందో ఏమో" అంటూ ఇంకో గరిటె నెయ్యి వేసింది. అతను తిన్నాడు. గోంగూర మూడోసారి అడిగాడు కూడా. దిగులు దిగులే, గోంగూర గోంగూరే.

గుడ్డ కొట్టడం అయ్యేసరికి మూడున్నర. సభ జరిగేది జూబ్లీ హిల్స్‌లో. ఆ దేశంతో మందుల వ్యాపారం చేసే పెద్దమనిషి ఒకాయన తన ఆఫీసులో మీటింగ్ హాలు ఇచ్చాడు. చెక్‌పోస్టు దగ్గర ముప్పావుగంట నిలబడ్డాం. పక్క కార్లలోంచి జనం మా బంగారు పెట్టెని ఫొటోలు తీసుకున్నారు. ఒకాయన అద్దం దించి రిలీజెప్పుడని అడిగితే యాదగిరి, "ఆల్రెడీ రిలీజైంది సార్, పైన ఆడుతుంది" అన్నాడు. ఆఫీసు గేటు దగ్గర యూనిఫాం వేసుకున్నతను వచ్చి, వాలెట్ పార్కింగు, తాళం ఇవ్వమన్నాడు. "నా బండి తాళం నా పెండ్లానికే ఇయ్య, నీకెందుకిస్త?" అని యాదగిరి తనే తీసుకెళ్ళి రెండు పెద్ద కార్ల మధ్య పెట్టుకున్నాడు.

ఆరు గంటలకి తెర వెలిగింది. నీలం గోడ, గోడ మీద టీకాల పటం, దాని ముందు తెల్ల గౌనులో మార్తా. నవ్వలేదు. మాట అంత పైకి వెళ్ళి రావాలి కాబట్టి మనం అడిగాక ఒక క్షణం ఆగితే గానీ జవాబు రాదు. ఆ క్షణంలో రాయబారిగారు ప్రతిసారీ మళ్ళీ మాట్లాడబోయి ఆగిపోతున్నారు. సైమన్ నమూనా పక్కన నిలబడి, ఇది ఆంటెన్నా, ఇవి ఎండతో కరెంటు తయారుచేసే రెక్కలు, అని ఒక్కొక్కటీ చూపించాడు. పక్కన కూర్చున్న వాళ్ళ దేశపు కుర్రాడు నాకు ఇంగ్లీషులో చెబుతున్నాడు. మార్తా అంతా విని ఒకే మాట అంది.

"వెనక్కి తిప్పు."

సైమన్ ఆగాడు. ఆమె ఊరుకోలేదు. "మంత్రి వచ్చినప్పుడు మా ఆరోగ్య కేంద్రానికి ముందు గోడకే సున్నం కొట్టారు. గవర్నమెంటు వస్తువు ఏదైనా నేను వెనక్కెళ్ళి చూస్తాను. తిప్పు."

అక్క మాట అతను చిన్నప్పట్నించీ జవదాటలేదనుకుంటాను. తిప్పాడు. తిప్పడంలో నల్లగుడ్డ ఒక మేకు దగ్గర పట్టుకుని బర్రున చిరిగి కింద పడింది. నాటుకోళ్ళు తెర మీదికెక్కాయి. హాల్లో ఉన్న తెలుగువాళ్ళందరం ఒక్కసారిగా నేల చూపులు చూశాం. వెనక వరసలో యాదగిరి ఒక్కడే నవ్వాడు. రాయబారిగారు నా వైపు తిరిగి అదేం రాసి ఉందని అడిగారు. అబద్ధం చెబుదామని ఒక్క నిమిషం నోట్లో పేర్చుకున్నాను. సైమన్ నన్నే చూస్తున్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

సైమన్ దాన్ని వాళ్ళ భాషలో అక్కకి చెప్పాడు. దాక్కోకుండా, తడుముకోకుండా చెప్పాడు. ఆ తర్వాత ఇలా అన్నాడట. "ఇది సినిమావాళ్ళు చేసిన బొమ్మ అక్కా, ఒకవైపే చేశారు. కానీ అసలుది కూడా ఎప్పుడూ ఒకవైపే మనకేసి తిరిగి ఉంటుంది. భూమితో పాటే తిరుగుతుంది, మొహం తిప్పుకోదు. దాని వెనక వైపు భూమ్మీద ఎవరికీ కనబడదు. చందమామ వెనక నువ్వెప్పుడైనా చూశావా?"

ఒక క్షణం. మాట పైకెళ్ళి కిందికి వచ్చింది.

"చందమామని మా పన్నులతో కొనలేదు" అంది మార్తా.

హాలంతా నవ్వింది. సైమన్ కూడా నవ్వాడు, పాపం. ఇదే అదనని రాయబారిగారు జేబులోంచి నాలుగు పేజీల ప్రసంగం తీసి విప్పారు. అంతలో తెర మీద మార్తా పక్కకి తిరిగింది. గుమ్మంలోకి ఎవరో నిండు గర్భిణిని నడిపించుకొచ్చారు. మార్తా ఆమెని కూర్చోబెట్టి, చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. మళ్ళీ తెర వైపు తిరిగినప్పుడు ఆ మొహంలో వెటకారం లేదు. "బీపీ ఎక్కువుంది. నాకు డాక్టరు కావాలి. మీరు లైను వదలండి" అంది. రాయబారిగారు ప్రియమైన సోదరీ అన్నారు. ఆమె కట్ చేసింది.

నల్లటి తెర ముందు అందరం అలాగే కూర్చున్నాం. ఎవరూ లేవలేదు. సమోసాలు చల్లారిపోయాయి. రాయబారిగారు ప్రసంగం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకుని, నెమ్మదిగా, ఇంతకన్నా మంచి ప్రారంభోత్సవం నేను చూడలేదు అన్నారు. ఎనిమిదవుతుండగా సైమన్ ఫోనుకి అక్క మెసేజి వచ్చింది. అతను నాకు చదివి వినిపించాడు. "డాక్టరు మందు చెప్పాడు. ఇచ్చాను. తల్లి బాగానే ఉంది, నిద్రపోతోంది. ముందు వైపు పనిచేస్తోంది. పడవ ఇంకా కావాలి."

చాలా ఊళ్ళు తిరిగాను గానీ ఇంటికొచ్చాక ఇంతసేపు కుదురుగా కూర్చోలేని ప్రయాణం ఇదే. మనం చూసేవాటిలో చాలావాటికి వెనక చెక్కలూ మేకులే ఉంటాయి, అది తెలుసుకుని పెదవి విరవడం నాకు బాగా అలవాటు. మార్తాకీ అలవాటే. కానీ ఆమె పెదవి విరుస్తూనే, నిమిషం తిరక్కుండా, దాన్ని పనిలో పెట్టింది. పనిచేసిందని ఒప్పుకుంది, పడవ సంగతి మాత్రం వదల్లేదు. నాకా రెండూ ఒకేసారి చేతకావు, నేర్చుకోవాలని ఉంది. ఇక వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. ఫిల్మ్‌నగర్‌లో ఏ వస్తువు చేయించుకున్నా, ఎన్ని వైపులు కావాలో అడ్వాన్సు ఇచ్చే ముందే చెప్పండి. రెండో వైపుకి రేటు వేరు.